చుట్టకు విరుగుడు మేనమామ

ఇప్పుడు ఏలూరులో ఏ ఆఫీసు మెట్లెక్కినా, ఏ బస్టాండులో కూర్చున్నా గోడ మీద ‘పొగ త్రాగరాదు’ అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. కింద జరిమానా సంగతి కూడా రాసి ఉంటుంది. మేం ఉద్యోగాల్లో చేరిన కాలంలో ఆ మాట బస్సులో తప్ప ఇంకెక్కడా చూసిన గుర్తు లేదు (బస్సులో కూడా సరిగ్గా దాని కింద కూర్చునే కాల్చేవారనుకోండి). ఆఫీసంటే ఫైళ్ళు, దుమ్ము, పొగ. ఈ మూడింట్లో ఏది తక్కువైనా ఆ పూట పని జరగలేదనే జనం అనుకునేవారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కాలవ గట్టు పక్కన ఒక అద్దె పెంకుటింట్లో ఉండే నీటిపారుదల ఆఫీసులో చిన్న గుమాస్తాని. మా గదిలో ముగ్గురమే. తలుపుకి ఎదురుగా హెడ్ గుమాస్తా గారు, పక్కన నేను, మూల కిటికీ దగ్గర టైపిస్టు గారు. ఆవిడ రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వచ్చేవారు. తొలిచూలు, అయిదో నెల. హెడ్ గుమాస్తా గారు మనిషి వెన్న, చేతిలో మాత్రం ఎప్పుడూ చుట్ట. నాకు డైరీ పిచ్చి అప్పటికే ఉంది కాబట్టి వారం రోజులు లెక్క రాశాను. సగటున రోజుకి తొమ్మిది. వర్షాకాలం, జల్లు కొడుతోందని కిటికీ మూసేసేవాళ్ళం. మధ్యాహ్నమయ్యేసరికి గదిలో ఒకరికొకరం మసగ్గా కనిపించేవాళ్ళం.

టైపిస్టు గారు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒంటిచేత్తో టైపు కొట్టేవారు. దగ్గు మొదలైతే ఆగేది కాదు. పొగలో కూర్చోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. “మరి సెలవు పెట్టేయండి” అన్నాను ఒకరోజు. “ఇప్పుడే వాడేస్తే పురిటికేం మిగుల్తుందండీ? నాది టెంపరరీ పోస్టు. ఎక్కువ రోజులు రాకపోతే ఇంకొకరిని కూర్చోబెడతారు” అన్నారావిడ. “పోనీ ఆయనకి చెప్పండి.” “పెద్దవారండీ. నేనెలా చెప్తాను? మీరు చెప్పకూడదూ?” నేను చెప్తానన్నాను. అని, మర్నాడు హెడ్ గుమాస్తా గారి బల్ల ముందు నిలబడి, గొంతు సవరించుకుని, “అగ్గిపెట్టె కావాలాండీ?” అని వచ్చేశాను.

ఆ వారమంతా ఆలోచించాను. మా వైపు ఎంతటివాడైనా తన ఇంటి పెద్దల ఎదుట పొగ తాగడు. అరవై ఏళ్ళ మనిషి కూడా తండ్రి వీధి మలుపులో కనిపిస్తే చుట్ట వీపు వెనక్కి పోనిస్తాడు. హెడ్ గుమాస్తా గారికి తండ్రి లేరు, మేనమామ ఉన్నారు. కొల్లేటి ఒడ్డున ఊరు, చేపల చెరువులు. ఆయన మాటంటే మేనల్లుడికి హడలు. పైగా ఆయన పొలం పక్క మురుగు కాలవలో పూడిక తీయించమని పెట్టిన అర్జీ మా ఆఫీసులోనే పడి ఉంది. ఆదివారం బస్సెక్కి, దిగి నడిచి, పడవ దాటి, మోకాళ్ళ దాకా బురదతో వెళ్ళి, “మీరు స్వయంగా వచ్చి రోజూ కూర్చుంటే గానీ ఈ పని కదలదండీ” అని చెప్పొచ్చాను. (దేశంలో అర్జీదారుడి ఇంటికెళ్ళి మరీ ఆఫీసు మీదికి ఉసిగొల్పిన గుమాస్తాని బహుశా నేనొక్కణ్ణే.)

బుధవారం పొద్దున్నే తెల్లటి పంచెతో మేనమామ గారు దిగారు. హెడ్ గుమాస్తా గారు ఉలిక్కిపడి లేచి, వెలుగుతున్న చుట్టని సిరాబుడ్డిలో ముంచేశారు. నేను టైపిస్టు గారి వైపు గర్వంగా చూశాను. మేనమామ గారు కుర్చీలో సర్దుకుని, “కానీయ్ అల్లుడూ, నీ పని నువ్వు చేసుకో” అంటూ రొంటిన దోపిన పొగాకు కాడ తీశారు. నా చేతికంత చుట్ట చుట్టారు. అది ముట్టించాక దాని నిప్పుతోనే రెండోది, రెండోదాంతో మూడోది. ఆ రోజు డైరీలో పధ్నాలుగు అని ఉంది.

“ఏవండీ, ఈయన్ని ఎవరు పిలిచారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలండీ” అన్నారు టైపిస్టు గారు దగ్గుతూ. నేను ఫైల్లో తల దూర్చాను.

మూడో రోజుకి హెడ్ గుమాస్తా గారి పరిస్థితి చూడాలి. తను కాల్చడానికి లేదు, ఎదురుగా పొగ. కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు పట్టుకుంది. మధ్యాహ్నం టైపిస్టు గారు ఆపుకోలేక మెట్ల మీదికి పరుగెత్తి వాంతి చేసుకున్నారు. హెడ్ గుమాస్తా గారు మెల్లగా లేచి, “మావయ్యా, తప్పుగా అనుకోకు. ఆ అమ్మాయి వట్టిమనిషి కాదు. కాస్త బయట అరుగు మీద కాల్చుకో” అన్నారు.

మేనమామ గారు గబుక్కున చుట్ట నేలకేసి నలిపారు. “ఓరి నీ బుద్ధి సంతకెళ్ళా! రాగానే చెప్పొద్దట్రా? కడుపుతో ఉన్న పిల్ల పక్కన కూర్చుని ఊదేవాణ్ణిలా కనిపిస్తున్నానా నీకు?”

హెడ్ గుమాస్తా గారు తలెత్తలేదు. నీళ్ళు తాగి లోపలికొచ్చిన టైపిస్టు గారితో, “అమ్మాయ్, మూడు రోజులు పీలిస్తేనే నాకు ప్రాణం పోతోంది. నువ్వు ఇన్నాళ్ళు... ఒక్క మాట అనకపోయావా?” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వైనా చెప్పద్దటయ్యా?” అన్నారు. నేను బురద, పడవ, అర్జీ అంతా ఒప్పుకున్నాను. “‘బయట కాల్చుకోండి’ అనడానికి కొల్లేరు దాటి వెళ్ళావా!” అని మేనమామా మేనల్లుడూ కలిసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

ఆ రోజు నుంచి కిటికీ తెరిచాం, గదిలో చుట్ట వెలగలేదు. టైపిస్టు గారు తొమ్మిదో నెల దాకా వచ్చారు. పాప పుట్టింది, ఆవిడ ఉద్యోగమూ నిలిచింది.

ఇంతవరకూ నేను చెప్పని సంగతి ఒకటుంది. మేనమామ గారు చుట్ట నలిపిన ఆ సాయంత్రమే, టైపిస్టు గారు మిషను మీద ముసుగు కప్పుతూ, “చాలా ఉపకారం చేశారండీ. మరి మీరు కూడా బయటేనా అండీ?” అన్నారు. హెడ్ గుమాస్తా గారు భోజనానికి వెళ్ళగానే నేను అదే గదిలో రెండు సిగరెట్లు కాల్చేవాణ్ణి. ఆయన లెక్కంతా నిమిషాలతో సహా రాసిన నా డైరీలో నావి ఒక్కటీ లేవు. అవి కూడా పొగేనని నాకు నిజంగా తోచలేదు.

సరే, బయటికెళ్ళాను. ఇప్పుడు భోజనం గబగబా ముగించుకొచ్చి, వెనక గట్టు మీదో ముందు అరుగు మీదో చుట్టతో హెడ్ గుమాస్తా గారే ఉండేవారు. తండ్రి లాంటి పై ఉద్యోగి, ఆయన ఎదుట నేను ముట్టించలేను కదా. వంతెన దాటి, రైసుమిల్లు గోడ చాటుకి వెళ్ళి కాల్చుకుని వచ్చేసరికి భోజనం వేళ అయిపోయేది. నెల రోజులు అలా తిరిగి, కాళ్ళు నొప్పులు పుట్టి, మానేశాను. ఇప్పుడు డాక్టర్లు నా ఛాతీ పరీక్షించి, “ఆ వయసులోనే మానేశారా! ఎంత మనోనిగ్రహం అండీ మీది” అంటుంటారు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ, కాదనకుండా, నవ్వి ఊరుకుంటాను.