మలుపు దగ్గర తాళాల చప్పుడు

మా మేనత్త పోయిందన్న సంగతి నాకు జైలు గేటు దగ్గర తెలిసింది. డ్యూటీకి వచ్చినప్పుడు ఫోన్లు గేటులోనే వదిలి లోపలికి వెళ్తాం. నా ఫోను ఆగకుండా మోగుతోందని గేటు సిపాయి కబురు పంపితే వచ్చాను. అవతల నాన్న. “అత్త పోయింది బిడ్డా. పగటీలి పండుకున్నది, మల్ల లేవలే,” అన్నాడు. సాయంత్రం బ్యారక్ మూసే వేళయింది. నా బదులు రావలసిన ఆమె ఇంకా దారిలో ఉంది. ఆడవాళ్ళందరూ లోపలికి వెళ్ళి, నేను తాళం వేశాకే ఇంటికి బయలుదేరగలను. తాళాల గుత్తి తీసుకుని వరండాలోకి నడిచాను.

ఆ గుత్తి ఒకప్పుడు అత్త చేతిలో ఉండేది.

సూరత్ జైల్లో ఆడవాళ్ళ విభాగంలో ఆమె హవల్దారుగా చేసి రిటైరయింది. అంతకు ముందు అదే ఊళ్ళో ఖటోదరా పేటలో సాంచాలు నడిపింది. మరమగ్గాన్ని మా ఇళ్ళల్లో సాంచా అంటాం. తాతల కాలంలో తెలంగాణ నుంచి వాటి వెంటే ఇక్కడికి వచ్చాం. భర్త పోయాక, ఎవరినీ అడగకుండా, ఆమె జైలు ఉద్యోగానికి అర్జీ పెట్టుకుందట. ఊరి శివార్లలో, ఉన్ అనే పేటలో, మా ఇంటి పై గదిలో ఉండేది. కింద మా తలుపు బార్లా తెరిచి ఉన్నా గొళ్ళెం ఒకసారి ఆడించి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికి వచ్చేది. తన సొంత తమ్ముడి ఇంట్లోకి. చిన్నప్పుడు అదొక ఆట అనుకునేదాన్ని. నేను కూడా లోపలి నుంచి గొళ్ళెం ఆడించి జవాబు చెప్పేదాన్ని.

ఆదివారాలు నేను ఆమెకు కథలు చదివి వినిపించేదాన్ని. సగంలో నిద్రపోయేది. మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ, ఖాకీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, కథలో పిల్ల ఇల్లు చేరిందా లేదా అని అడిగేది. ఆమెకు నచ్చే ముగింపు అదొక్కటే.

డిగ్రీ అయ్యాక ఒక స్కూలు లైబ్రరీలో పని చూసుకుందామనుకున్నాను. జైలు ఉద్యోగం మాట ఎత్తింది అత్తే. నాకు నలుగురిలో గొంతు పెగలదు. ఆ సంగతే చెప్పాను. “నువ్వు తక్కువ మాట్లాడుతవ్, మంచిదే. ఆడ మాట్లాడెటోల్లు మస్తుమంది ఉన్నరు. వినెటోల్లే లేరు,” అంది.

అమ్మ ఊరుకోలేదు. “వదినె, కాన్వెంట్ల సదివిచ్చింది జైల్ల కూసునెతందుకా?”

“కూసునుడు యాడిది? దినమంత నిలవడుడే. కూసుంటే మెమో ఇస్తరు.”

నాన్న నవ్వాడు. అలా నేను ఖాకీ వేసుకున్నాను.

లోపల ఆమె నాకు మేడమ్, గేటు దాటితే అత్త. ఆడవాళ్ళు ఆమెను మోటీబెన్ అనేవారు, పెద్దక్క అని. నాకు పెట్టిన పేరు వేరు. మా స్కూల్లో సిస్టర్లు ప్రార్థన గది ముందు మడమ ఆనించకుండా నడవడం నేర్పారు. పన్నెండో తరగతి అయ్యేసరికి ఆ నడకే నా నడక అయిపోయింది. తాళాలు మోగకుండా గుప్పిట్లో బిగించి పట్టుకునేదాన్ని, ఎవరికీ ఇబ్బంది కలగకూడదని. ఇంకేం, నేను బిల్లీ బెన్‌నయ్యాను. పిల్లి అక్క.

ఒక సాయంత్రం వరండా మలుపు తిరిగేసరికి ఒక ఆమె గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. జైల్లో ఆమె దగ్గరే పెరిగిన కూతుర్ని, తల్లితో ఉంచే వయసు దాటిందని, ఆ వారమే బంధువులకు అప్పగించారు. పాప గౌను ముఖానికి అదుముకుని ఊపిరి పీలుస్తోంది. తలెత్తేసరికి నేను ఎదురుగా ఉన్నాను. గౌను చీరలో దోపేసుకుని, చేతికందిన కంచం నా కాళ్ళ ముందుకు విసిరింది. దొంగచాటుగా చూడ్డానికే వస్తావు, ఇక్కడ ఏడవడానికి కూడా చోటు లేకుండా చేశావు అని హిందీలో అరిచింది. కంచం చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది.

ఆ తరువాత నేను వెళ్ళినచోటల్లా మాటలు ఆగిపోయేవి. వినడానికని వచ్చినదాన్ని, నాకు వినిపించేది ఏమీ లేకుండా పోయింది. ఉద్యోగం మానేస్తానని అత్తకు చెప్పాను. ఆదివారం ఆమె నన్ను ఖటోదరాకు తీసుకుపోయింది, తను పూర్వం పనిచేసిన సాంచాల షెడ్డుకు.

ఇప్పుడు తలచుకుంటే ఆ మధ్యాహ్నం నీళ్ళ అడుగున గడిచినట్టు ఉంటుంది. చప్పుడు ఎంత ఉందంటే, కాసేపటికి అదే నిశ్శబ్దంలా అనిపించింది. పైరేకుల సందుల్లోంచి పడుతున్న వెలుతురులో నూలు ధూళి మెల్లగా తేలుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడదు. ఒక ముసలామె మాకు వీపు పెట్టి తెగిన పోగు ముడివేస్తోంది. అత్త ఆమె స్నేహితురాలట, అయినా దగ్గరకు పోలేదు. పక్కగా నడిచి, ఆమె కంటికి ఆనేచోట నిలబడింది. ఆమె ముడి పూర్తిచేసి, తలెత్తి, నవ్వేదాకా అక్కడే ఉంది.

బయటికి వచ్చాక, చాయ్ తాగుతూ, అప్పుడు చెప్పింది. “సాంచ మీద ఉన్న మనిషి ఎనకకెల్లి పోవద్దు. ఉలిక్కిపడ్డదంటే చెయ్యి సాంచల వడుతది. జైల్ల గూడ గంతే బిడ్డా. అందరు ఏదో ఒక తెగిన పోగు వట్టుకొనే కూసుంటరు. నువ్వొస్తున్నవని ముందుగాల తెల్వనియ్యాలె. జర మొఖం తుడుసుకోనియ్యాలె.”

మర్నాడు ఆమె వెనకే నడిచి చూశాను. మలుపుకు ఇవతల ఆగింది. గుత్తిని ఒకసారి గట్టిగా ఆడించింది. చెప్పు పట్టీ బాగానే ఉన్నా వంగి సర్దుకుంది, జడ ముడి బాగానే ఉన్నా విప్పి మళ్ళీ వేసుకుంది. అప్పుడు మలుపు తిరిగింది. తనిఖీల రోజుల్లో మాత్రం అలా చేసేది కాదు. అవి వేరు అనేది. మామూలు సాయంత్రాలు మాత్రం వాళ్ళవి. “శిక్ష కోర్టు ఏసింది. మనం ఏసేది తలుపుకు తాళం, గంతే,” అనేది.

నేనూ మోగించడం మొదలుపెట్టాను. మొదట్లో సిగ్గేసేది, స్కూలు వరండాలో ఎవరో నా పేరు గట్టిగా అరిచినట్టు. చాలా రోజులకు, ఒక సాయంత్రం నేను మోగించి ఆగగానే, లోపలి నుంచి “ఆవో బెన్” అని పిలుపు వచ్చింది. రా అక్కా అని. కంచం విసిరిన ఆమె గొంతే. అది అత్త కూడా వింది. ఇంటికి పోయేటప్పుడు దారిలో నాకు వేడి వేడి శనగపిండి లోచో కొనిపెట్టింది. రిటైరయిన రోజున గుత్తి నా చేతిలో పెడుతూ, బరువు చూసుకొమ్మంది.

మొన్న, నాన్న ఫోను వచ్చిన సాయంత్రం, ఆ మలుపు దాకా వచ్చి ఆగిపోయాను. గుత్తి గుప్పిట్లో ఉంది. చెయ్యి కదలడం లేదు. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. ఆ ముఖంతో వాళ్ళ ముందుకు ఎలా పోను? గోడ అవతల ఆడవాళ్ళందరూ ఉన్నారు, అయినా ఒక్క మాట లేదు. కబురు అప్పటికే లోపలికి చేరిందని అర్థమైంది. జైల్లో కబుర్లకు తాళాలు అడ్డం రావు.

అప్పుడు లోపలి నుంచి, ఊచ మీద స్టీలు గ్లాసు ఒకసారి మోగింది.

మోగి, ఆగింది. మలుపు తిరిగి ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు. నేను వంగి, బాగానే ఉన్న బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టుకున్నాను. ముఖం తుడుచుకున్నాను. వరండా చివర వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది, నూలు ధూళి తేలుతున్నట్టుగా. గుప్పిట విప్పి, గుత్తిని గట్టిగా ఆడించాను.