గుట్ట మీద ఒట్టు

తొంభైల మధ్యలో నార్కట్‌పల్లి రోడ్డు మీద, లారీ డ్రైవర్లకు మత్తు సూదుల అలవాటు మాన్పించే చిన్న దవాఖానలో నేను నర్సును. ఆరు మంచాలు, ఒక డాక్టరు, నా నోరు. ఆ నోటికి డాక్టరు కూడా జంకేవాడు.

నడుం నొప్పికని మొదలుపెట్టిన సూదిని మానలేక, కోస్గి వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. వెంట భార్య. మొదటి వారమంతా వణుకు, వాంతులు, నాకు తిట్లు. నేనూ తగ్గలేదు, తిరిగి తిట్టాను. మూడో వారానికి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. "నా పెనిమిటి మల్ల మనిషయిండు సిస్టరమ్మా" అని ఆమె నా చేతులు పట్టుకుంటే గర్వంతో పొంగిపోయాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అందరికీ ఒకటే చెప్పేవాడు: "నెల నెలా రావాలి. మధ్యలో మళ్లీ సూది వేసుకున్నా సరే, రావాలి." ఆ మెతకదనం నాకు నచ్చేది కాదు. మా దిక్కు సారా మానాలన్నా గుట్టకు పోయి నరసింహస్వామి ముందు ఒట్టు పెడతారు. ఆ భయం ముందు మీ మాత్రలెంత అని డాక్టరుతో వాదించాను. మొగుడూపెళ్లాలిద్దరినీ నేనే బస్సెక్కించి యాదగిరిగుట్టకు తీసుకెళ్లాను. అతను తలస్నానం చేసి తడిబట్టలతో ఒట్టు పెట్టాడు. ఆమె అతని మణికట్టుకు ఎర్రదారం కట్టింది. అది చాలదన్నట్టు నేనొకటి తగిలించాను. "ఒట్టు తప్పినవనుకో, మల్ల నా గడప తొక్కకు!" నవ్వుతూనే అన్నాను. అతను మాత్రం నవ్వలేదు.

రెండు నెలలు వచ్చాడు. మూడో నెల రాలేదు. పంక్చర్ షాపు వెనక నలుగురు ఒకే సూదిని మార్చి మార్చి వాడుకుంటున్నారని, వాళ్లలో అతనూ ఉన్నాడని టీ కొట్టు నడిపే ఆమె చెప్పింది. డాక్టరు కబురు పంపాడు. జవాబు లేదు. "మానేదాకా కనీసం కొత్త సూదులైనా ఇద్దాం, జబ్బులు అంటకుండా ఉంటాయి" అన్నాడు డాక్టరు. దొంగ చేతికి తాళాలిస్తారా అని నేను ఇంతెత్తున లేచాను. ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు.

ఏడాదికి అతను వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. మణికట్టుకు దారం లేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"మొదలు ఒక్కపారే తప్పిన సిస్టరమ్మా. గా దినమే నీ తాన్కి వద్దామనుకున్న. ఏ మొకం వెట్టుకొని రావాలె?"

నెత్తురు తీసి పరీక్షకు హైదరాబాదు పంపాం. హెచ్‌ఐవీ ఉందని వచ్చింది. భార్యది కూడా పంపాం. జన్మలో మత్తు సూది ముట్టని ఆమెకూ ఉందనే వచ్చింది.

ఆ మాట ఆమెకు చెప్పే పని నాదే. చెప్పాను. ఆమె తిడితే బాగుండునని కూర్చున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"తప్పినంక గుట్టకు రెండుపార్లు వోయిండు సిస్టరమ్మా. స్వామికి తప్పు ఒప్పుకొని, దండం వెట్టుకొని వచ్చిండు," అంది. "నీ గడపకే రాలేకపాయె."