మెదక్ నుంచి నంద్యాలకు అర్జెంట్ కాల్

నాంపల్లి స్టేషన్ దాటి ఆటో అబిడ్స్ వైపు తిరిగేసరికి రెండు సిటీ బస్సులు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయాయి. ఆటోవాలా ఇంజను ఆపేసి, ఒక కాలు సీటు మీదికి మడుచుకుని, ఇక ఇది మన చేతుల్లో లేదన్నట్టు ఫోను తీశాడు. వెనక సీట్లో తబిత ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవర్లో తల్లి గురించి రాసిన రెండు పేజీల ప్రూఫు ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండులోగా గన్‌ఫౌండ్రీ సందులోని డీటీపీ షాపుకు చేరిస్తే సాయంత్రానికి రెండు వందల కాపీలు ఇస్తామన్నారు. మర్నాడు పొద్దున వాళ్ళమ్మ జీవరత్నం తొంభయ్యో పుట్టినరోజు. చర్చిలో కృతజ్ఞతా కూడిక, కేకు, ఆ తర్వాత బిర్యానీ.

విసుగ్గా బయటికి చూసిన తబితకు ఫుట్‌పాత్ మీద ఒక ముసలావిడ కనబడింది. నీలం అంచు తెల్ల వాయిల్ చీర, భుజానికి నల్ల హ్యాండ్‌బ్యాగు. దారికి అడ్డంగా ఎక్కించిన స్కూటరును మడిచిన గొడుగు మొనతో పొడుస్తూ, దాని యజమానికి ఏదో గట్టిగా చెబుతోంది. తబితకు ముందు ఆ స్కూటరువాడి మీద జాలి కలిగింది. ఆ తర్వాతే గుర్తు పట్టింది. చిలకలగూడ ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో ఉండవలసిన మనిషి. రాత్రి మంచినీళ్ళ గ్లాసు అందుకోవడానికి కూడా మోకాళ్ళు సహకరించవనే మనిషి.

ఆటోవాడి చేతిలో నోటు పెట్టి దిగి పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ కూతురు ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడితే, తల్లి తల తిప్పకుండా నడక సాగించింది.

"ఎవరు తోల్కొచ్చిన్రు నిన్ను?"

"నాకు బస్సు తెల్వదా? నువ్వు పుట్టకముందుకెల్లి తెలుసు."

"ఎటు పోతున్నవ్ గిట్ల ఒక్కదానివి?"

"నువ్వు పోయే కాడికే."

జీవరత్నం ఆగి, బ్యాగులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. ప్రూఫు రెండో కాపీ. తబిత పొద్దున డైనింగ్ టేబుల్ మీద మరిచిపోయింది. అందులో ఒకే ఒక వాక్యాన్ని ఎర్ర బాల్‌పెన్నుతో కొట్టేసి ఉంది. ఎంత బలంగా కొట్టిందంటే అక్కడ కాగితం చిరిగి వెనక పేజీ కనిపిస్తోంది. ఆ వాక్యం తబిత సొంతంగా రాసినది, నాలుగు సార్లు దిద్ది రాసుకున్నది: 'కీర్తిశేషులు టిమోతి గారు, జీవరత్నం గారు సంఘమంతటికీ మాదిరికరమైన ఆదర్శ దంపతులు.'

రాజులైతే తమ గొప్పలు బండల మీద చెక్కించుకుంటారు, జమీందార్లు కూలికి మనుషులను పెట్టి రాయించుకుంటారు. మామూలు మనిషికి చరిత్ర ఎక్కడిది? తెలుగు క్రైస్తవ ఇళ్ళలో మాత్రం గుమాస్తాకైనా, ఆయమ్మకైనా ఒక్కసారి ఆ భాగ్యం దక్కుతుంది. దాన్ని లైఫ్ స్కెచ్ అంటారు. పుట్టిన ఊరు, బాప్తిస్మం, ఉద్యోగం, వివాహం, సంతానం, చివరి రోజుల్లో చూపిన ఓర్పు, అన్నీ వరుసగా ఉంటాయి. అందులో అందరూ ప్రార్థనాపరులే, అందరూ అతిథిప్రియులే. పేరు కొట్టేసి చదివితే ఏ ఇంటివాళ్ళైనా తమ మనిషి గురించే అనుకుని కళ్ళు తుడుచుకోగలరు. మామూలుగా అది మనిషి పోయాక చదివేది కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. తొంభై ఏళ్ళు బతికినవాళ్ళు మాత్రం ముందు వరసలో, పూలదండతో కూర్చుని దాన్ని వినాలి. ఎక్కువ కాలం బతికినందుకు అదొక జరిమానా.

జీవరత్నం ఆ జరిమానా కట్టనంటోంది. ఆ లైను ఉంటే రేపు చర్చి గుమ్మం తొక్కనని నడిరోడ్డు మీద చెప్పేసింది. పాస్టరుగారిని, రెండు వందల మందిని, బిర్యానీ డేగిశాలను తబిత ఏం చేసుకుంటుందో తబిత ఇష్టం. తబిత మొదట బతిమాలింది. బతిమాలితే ఆవిడ నడక పెరిగింది. తర్వాత కోప్పడింది. కోప్పడితే ఆవిడ గొడుగును చంక మార్చుకుంది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా తల్లీకూతుళ్ళు ఇద్దరు అపరిచితుల్లా ఒకరి వెనక ఒకరు నడిచారు.

తబితకు ఆ లైను ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. వాళ్ళ నాన్న టిమోతి పోయి పదిహేనేళ్ళు. ఆయన పేరు చర్చిలో గట్టిగా వినబడే సందర్భం మళ్ళీ రాదు. తల్లి గురించి రెండు పేజీలు రాస్తూ నిజానికి తబిత తండ్రి గురించి ఒక్క వాక్యం రాసుకుంది. మిగిలినదంతా దాని చుట్టూ గోడ.

అలా కట్టిన గోడలో తల్లి ఉద్యోగానికి దక్కిన ఇటుక ఒక్కటే: 'కొంతకాలం టెలిఫోన్ శాఖలో సేవలందించి'. ఆ కొంతకాలం ముప్పై ఏడేళ్ళు. మెదక్ మిషన్ దవాఖాన కాంపౌండరు కూతురు మెట్రిక్ పాసై, పందొమ్మిది వందల యాభై ఏడులో ఇక్కడి ట్రంక్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటరుగా చేరింది. ఇప్పుడు చంటిపిల్లలు కూడా ఫోన్లో మొహాలు చూసుకుంటున్నారు గానీ, అప్పుడు పక్క జిల్లాతో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ అంటే మెరుపులాగా తగులుతుందని కాదు, మెరుపులాగా డబ్బు పోతుందని. మూడు నిమిషాలు మాట్లాడాక మధ్యలో ఒక ఆడగొంతు వచ్చి, పొడిగిస్తారా అని అడిగేది. ఆ గొంతులకు ఊరి సంగతులన్నీ తెలుసు. బేగం బజార్‌లో రేపు మిర్చి ధర ఎంత పెరుగుతుందో ఇవాళే విన్న ఆడవాళ్ళు వాళ్ళు. ఏ ఒక్కరూ ముందుగా ఒక కిలో కొనిపెట్టుకోలేదు. లైన్లు కలిపే బోర్డు మీద విన్నది బోర్డు మీదే చావాలని చేరిన రోజే వాళ్ళ చేత ప్రమాణం చేయించేవారు. జీవరత్నం ఆ ప్రమాణాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంది. పొరుగింటి గొడవ గురించి అడిగినా, "నాకేం తెల్సు" అనేది. తెలిసినట్టు మొహంలో కనిపిస్తూనే ఉండేది.

డీటీపీ షాపు వెంకటేశ్ నడివయసువాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, సంతాపాలు, అన్ని మతాల శుభాశుభాలూ ఒకే కంప్యూటరులో చేస్తాడు. స్క్రీన్ మీద జీవరత్నం ఫోటో, దాని వెనక తెల్లటి మబ్బులు, మూలగా ఒక పావురం ఉన్నాయి.

జీవరత్నం కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"నేను ఉన్ననా, పోయిన్నా?"

వెంకటేశ్ కంగారుపడ్డాడు. "ఉన్నరమ్మా."

"మరి మబ్బులల్ల ఎందుకు పెట్టినవ్?"

అతను మబ్బులు తీసి గులాబీలు పెట్టాడు. గులాబీలూ వద్దంది. మరేం పెట్టమంటారమ్మా అంటే, గోడ పెట్టమంది. అతను బూడిద రంగు పెట్టి ఊరుకున్నాడు. అప్పుడు ఆవిడ కాగితం బల్ల మీద పరిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, ఇది తీసెయ్ అంది. తీయద్దు అంది తబిత. వెంకటేశ్ మౌసు మీద నుంచి చెయ్యి తీసేసి, కీబోర్డు దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

తబిత ఇక ఆపుకోలేకపోయింది. రాత్రి డ్యూటీలు అయ్యాక పొద్దున్నే ఆరింటికి ఎక్స్‌చేంజ్ గేటు బయట ఎవరు నిలబడేవారు? చలికాలం మంకీ టోపీ పెట్టుకుని, సైకిలు ముందు రాడ్డు మీద తనను కూర్చోబెట్టుకుని, ఫ్లాస్కులో చాయ్ తెచ్చిందెవరు? ఈవిడ ఉద్యోగం కోసం మెదక్ బడి వదిలి సికింద్రాబాద్ బడికి మారిందెవరు? 

"గంత చేసినోన్ని గీ ఒక్క మాటకు గూడ నోచుకోకుంట చేస్తున్నవ్. ఏం మనిషివమ్మా నువ్వు?"

"జీతం తెచ్చేదాన్ని జాగ్రత్తగ ఇంటికి తోల్కపోవాలె గద" అంది జీవరత్నం.

తబిత చెయ్యి బల్ల మీద పడింది. గ్లాసులో నీళ్ళు కదిలాయి. అంత మాట ఎలా అనగలిగావని అడిగింది. ఎందుకన్నావో చెప్పి తీరాలంది, చెప్పకపోతే లైను అలాగే అచ్చవుతుందంది, చర్చికి రాకపోతే మానుకొమ్మంది.

జీవరత్నం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. బల్ల మీది కాగితానికి చెబుతున్నట్టుగా చెప్పింది.

అరవై ఒకటో సంవత్సరం, వానాకాలం. ఆదివారం నాడు మెదక్‌లో పెళ్ళిచూపులు. బడిపంతులు టిమోతి వచ్చి చాయ్ తాగి, హల్వా బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు. గురువారం మధ్యాహ్నం ఆవిడ బోర్డు దగ్గర ఉండగా కాల్ వివరాలు రాసిన టికెట్ ఒకటి వచ్చింది. మెదక్ పోస్టాఫీసు నుంచి నంద్యాలకు, అర్జెంట్ కాల్. చేసేది టిమోతి. అవతల రైల్వేలో పనిచేసే ఆయన అన్న. వానకు లైను పాడైంది. ఆ చివర మాట ఈ చివరకు వినబడదు, ఇద్దరి మాటలూ మధ్యలో ఉన్న ఆపరేటరుకు మాత్రం వినబడతాయి. అలాంటప్పుడు ఆపరేటరే వీళ్ళ మాట వాళ్ళకు, వాళ్ళ మాట వీళ్ళకు చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు.

"పిల్ల నలుపు, అంటున్నారు. వాళ్ళన్నకు నేను చెప్పిన. ఎంత నలుపు, అని అడుగుతున్నారు. ఈయనకు అదీ చెప్పిన. చీకటైతే దీపం పెట్టి వెతుక్కోవాలి, అంటున్నారు. నా నోటితోనే చెప్పిన, తబితా. వాళ్ళన్న నవ్విండు. ఆ నవ్వు నాకొక్కదానికే ఇనబడ్డది. నవ్వు చెప్పే రూలు లేదు."

 

"తర్వాత?" అంది తబిత. అడగకుండా ఉంటే బాగుండునని ఆ మాట నోట్లో ఉండగానే అనిపించింది.

"అయినా సర్కారీ కొలువు, పర్మినెంటు. రంగు రెండు దినాలు చూస్తం, కొలువు ముప్పై ఏండ్లు ఉంటది, చేసుకుంటా, అంటున్నారు. గది గూడ చెప్పిన. మూడు నిమిషాలయ్యాయి, పొడిగిస్తారా అని అడిగిన. చాలన్నడు."

ఆ గొంతు ఎవరిదో టిమోతికి ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాత నలభై తొమ్మిదేళ్ళూ తెలియలేదు.

"మరెందుకు చేసుకున్నవ్?" 

"అంతకుముందు మూడు సంబంధాలోళ్ళు నా మొహం ముందట మంచిగ నవ్వి, ఇంటికి పోయినంక వద్దని ఉత్తరం రాసిన్రు. ఈయన మనసుల ఏమున్నదో నాకు ముందే ఎరుక. తెలిసినోని తోటి బతుకచ్చు అనుకున్న. బతికిన. కొట్టలేదు, తిట్టలేదు, చాయ్ తెచ్చిండు. కాదన్ననా? కానీ ఆదర్శం అని మైకుల చదివితే కూసొని వినుడు నాతోటి గాదు."

తబిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తల్లి కోసమా, తండ్రి కోసమా అని అడిగితే చెప్పలేకపోయేది. ముప్పై ఏళ్ళ కుర్రవాడు అన్న ముందు గొప్పకు అన్న మాట, అది నిజమో జోకో ఎవరికి తెలుసు? ఆ తర్వాత ఆ సైకిలు తొక్కిన ఏళ్ళన్నీ లెక్కలోకి రావా? అదంతా అడగాలనుకుంది. కోపం మీద ఇంకో మాట వచ్చింది.

"ఉన్నప్పుడు ఆయననే అడగకపోతివి. జవాబు చెప్పుకుంటుండె."

"అడిగితే బోర్డు మీద విన్నది బయట పెట్టినట్టే గద. నౌకరీల అది పాపం."

"మరి ఇయ్యాల పెడితివి గద. ఒక్క లైను కొట్టెయ్యనీకి."

ఆ మాట అన్న మరుక్షణం తబితకు అర్థమైంది, తగలరాని చోట తగిలిందని. జీవరత్నం మొహంలో కోపం పోయి, కోపం కన్నా ఘోరమైనదేదో వచ్చింది. అరవై అయిదేళ్ళు ఎవరికీ, మొగుడికి కూడా, చెప్పని మాట. గన్‌ఫౌండ్రీ సందులో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చెప్పేసింది. ఆవిడ వెంకటేశ్ వైపు తిరిగింది.

"నువ్వు గూడ విన్నవ్."

"నేనేం వినలేదమ్మా."

"విన్నవ్. వింటూ విననట్టు ఎట్ల కూసోవాలెనో నాకు తెల్వదా."

తబిత గబగబా వెంకటేశ్ పక్కకు వచ్చింది. ఆ లైను తీసెయ్యమంది. అతను తీసేశాడు. పేజీ మధ్యలో ఖాళీ మిగిలింది. అక్కడేం పెట్టాలి మేడం అన్నాడు. తబిత తల్లి వైపు చూడకుండా చెప్పింది, అతను టైపు చేశాడు: 'ముప్పై ఏడు సంవత్సరాలు ట్రంక్ ఎక్స్‌చేంజ్ ఆపరేటరుగా పనిచేసిరి. తాము విన్న మాటను జీవితమంతా ఎవరికిని చెప్పలేదు.'

జీవరత్నం లేచి, స్క్రీన్ దగ్గరికి వంగి, అక్షరం అక్షరం చదివింది. పెదాలు కదిలాయి. రెండో వాక్యం దగ్గర ఆగింది.

"అది గూడ కొట్టెయ్" అంది. "పొద్దుగాల దాంక నిజమే ఉండె."

వెంకటేశ్ తబిత వైపు చూశాడు. తబిత తలుపు వైపు చూసింది. ముసలావిడ అప్పటికే మెట్టు దిగింది. మోకాలు నొప్పికి ఒక పక్కకు ఒరిగి, గొడుగును ముందు ఆనించి, మనుషుల్లో కలిసి బస్టాప్ వైపు పోతోంది. తబిత గుమ్మంలోకి వచ్చి అమ్మా అని పిలిచింది. దారిన పోతున్న ఒక బ్యాంకు గుమాస్తా తిరిగి చూశాడు. ఆవిడ తిరిగి చూడలేదు.