గంగకు వదలని గడప

నిజామాబాద్‌లో భోజన్నను ఎరగని కాంట్రాక్టరు లేడు. నవీపేట్ పక్క రైతు ఇంట పుట్టి, హెచ్చెస్సీ పాసై, పి.యు.సి.లో సీటు దొరికినా కాలేజీ మెట్లు ఎక్కనివాడు. తోటివాళ్ళు పుస్తకాలు కొనుక్కుంటుంటే అతడు కిరాయి బండి మాట్లాడుకుని పోచంపాడ్ దారి పట్టాడు. అక్కడ గోదావరి మీద కడుతున్న డ్యామ్ నిండితే మునిగే ఊళ్ళలో జనం ఇళ్ళు విప్పుకుంటున్నారు. ఆ టేకు దూలాలు, దర్వాజలు కొని పట్నంలో అమ్మడం అతని వ్యాపారం. ఏడాది తిరిగేసరికి ప్రాజెక్టు మేస్త్రీలు, లారీ ఓనర్లు, బోధన్‌ వైపు కొత్త ఇళ్ళు కట్టే చెరుకు రైతులు అతన్ని పేరు పెట్టి పిలిచేవారు. మన పల్లె బడిలో అక్షరాలు దిద్దినవాడు ఇంతవాడయ్యాడని మేం నలుగురిలో చెప్పుకుంటాం. చెప్పుకుంటున్నప్పుడు భోజన్న మాత్రం కాళ్ళు దగ్గరికి తీసుకుంటాడు, కింద ఏదో తడి తగిలినట్టు.

ఇది హన్మవ్వ ఇంటి దగ్గర మొదలైంది. ఆమె అలా మునిగే ఊళ్ళో ఒకదానిలో ఒంటరి ముసలిది. ఇల్లు ఊరి చివర, అక్కడి జనం గంగ అని పిలిచే గోదావరి కనబడేంత దగ్గర. దర్వాజ నిండా తామరపువ్వుల చెక్కడం. గడప ఏళ్ళ తరబడి పసుపు తాగి బంగారు రంగు తిరిగింది. బేరం కుదిరాక ఆమె ఒక్కటే అడిగింది.

"దర్వాజ తీస్కపో బిడ్డా. కడప మాత్రం ఉండనీ."

"ఇల్లే పోతుంటె కడపతోని ఏం జేస్తవే అవ్వా?"

"గంగ వస్తది గద. ఇంటి ఆడిబిడ్డ లెక్క కడప దాటి రావాలె గని, దొంగ లెక్క గోడ సందులల్లకెల్లి వస్తదా?"

భోజన్న నవ్వాడు. "సరే అవ్వా, నీ కడప జోలికి పోను" అన్నాడు.

నిజామాబాద్‌ కోత మిల్లు యజమాని దేవిదాస్ సేఠ్ నవ్వలేదు. ఆ రోజుల్లో కుర్రవాడు కట్టె వ్యాపారంలో నిలబడాలంటే సేఠ్ మాట తోడుండాలి.

"కడప లేని దర్వాజ ఎవడు కొంటడు రా? మూడు కాళ్ళ మంచం అమ్మినట్టే. రుద్రూర్ల ఇల్లు కడ్తున్న బాలనర్సయ్యకు ఈ దర్వాజ ఇస్తనని మాటిచ్చిన. నువ్వు తేకుంటె ఇంకోడు తెస్తడు."

ఆ 'ఇంకోడు' భోజన్నను నిలవనీయలేదు. హన్మవ్వ సామానుతో ముంపు వాళ్ళ కొత్త కాలనీకి వెళ్ళిన పూట గడప తవ్వించి బండిలో వేయించాడు. నడి వేసవి. అయినా దాని అడుగు చల్లగా, తడిగా ఉంది.

బాలనర్సయ్య గృహప్రవేశానికి భోజన్నదే మొదటి పిలుపు. కొత్తగా పసుపు రాసిన గడప ముందుకు వచ్చి ఆగిపోయాడు. కాలు లేవలేదు. మడమల దాకా నీళ్ళలో నిలబడినట్టుంది. కిందికి చూస్తే పొడి నేల.

"ఏందయ్యా భోజన్నా, నువ్వమ్మిన కడపనేనాయె. దాటనీకి మళ్ల బొట్టు పెట్టి పిలువాల్నా?" అన్నాడు బాలనర్సయ్య. అందరూ నవ్వారు. భోజన్నా నవ్వి, చెప్పులెక్కడో మరిచిపోయినట్టు పక్కకు తిరిగి, పశువుల కొట్టం వైపు నుంచి లోపలికి వచ్చాడు. ఆ భోజనాల పంక్తిలోనే సేఠ్ అతన్ని బోధన్ పెద్దరైతులకు పరిచయం చేశాడు. తర్వాతి ఆర్డర్లన్నీ ఆ పూట పుట్టినవే.

కొన్నేళ్ళకు డ్యామ్ గేట్లు దించుతారన్న కబురు వచ్చింది. నీళ్ళు చేరేలోగా గడపను పాత చోట పెట్టి రావాలని భోజన్న రుద్రూర్ పరుగెత్తాడు. బదులుగా ఎంత మంచి కొత్త గడప కావాలన్నా చేయిస్తానన్నాడు.

బాలనర్సయ్య మొహం ముడుచుకున్నాడు. "కోడలు రేపో మాపో నీళ్లాడే ఇంట్ల కడప పీకమంటవా? ఇంకోపారి ఈ మాటనకు, మన దోస్తాన్ ఉండది."

దేవిదాస్ సేఠ్ దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రీల దగ్గరికి వెళ్ళాడు. అందరూ కూర్చోబెట్టి చాయ్ తాగించారు. ఒక్క గడప ఇప్పించగల పరిచయం అతనికి లేకపోయింది.

ఊరు మునిగాక హన్మవ్వను వెతుక్కుంటూ కాలనీకి వెళ్ళాడు. ఆమె తిట్టలేదు. పీట వేసి కూర్చోమంది.

"ఒడ్డుకు పోయి సూసిన బిడ్డా. గంగ మా వాకిట్లకెల్లే వచ్చింది. వచ్చి ఆగలే."

"నీళ్లు ఆగినయ్ కదనే అవ్వా. గుట్ట కాడికే ఆగినయ్."

"నీళ్లు ఆగినయ్. ఆమెకెట్ల ఎర్కైతది, ఇల్లొచ్చిందని? కడప ఏడుందని దేవులాడుకుంట నడుస్తనే ఉంటది."

భోజన్న తర్వాత సొంత కోత మిల్లు పెట్టాడు. కాలేజీ చదివిన వాళ్ళను గుమాస్తాలుగా పెట్టుకున్నాడు. నిజామాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. తలుపులన్నీ మేలు టేకు. సింహద్వారానికి మాత్రం గడప లేదు. వాకిలి నుంచి బండ నేల సమంగా లోపలికి సాగిపోతుంది. గడప లేని ఇంట్లో కాపురమేమిటని భార్య గంగమణి ఏడ్చింది. వడ్రంగులు బతిమాలారు. కట్టె వ్యాపారి పిసినారితనం చూడమని బజారు నవ్వింది.

అతడు ఎవరికీ కారణం చెప్పలేదు. గడప పెడితే, దానికోసం నడిచి నడిచి వస్తున్న గంగ, తను ఆగవలసిన ఇల్లు ఇదేననుకుంటుందని అతని భయం.