వీపు మీద అత్త చెవి

మా మేనత్తను మిల్లులో అందరూ ‘చెవత్త’ అనేవారు. మిల్లు పక్కనున్న పిల్లల గదిలో ఆవిడే ఆయా. పనికెళ్లే తల్లులు పసివాళ్లనూ, వాళ్ల విటమిన్ చుక్కల సీసాలనూ ఆవిడకు అప్పగించి పరుగెత్తేవారు. అత్త మాత్రం నింపాదిగా ఒక్కొక్కరి చొక్కా ఎత్తి, తన కుడిచెవిని అరచేత్తో రుద్ది వెచ్చచేసుకుని వీపుకు ఆనించేది. ఊపిరి విన్నాకే నోట్లో చుక్కలు. ఆ గదిలోని పాలవాసన నాకిప్పటికీ ప్రాణం.

ఆ చుక్కలు తియ్యగా ఉండేవి. బడి లేని రోజున నేనూ నోరు తెరుచుకుని వరసలో నిలబడేదాన్ని.

“నీకెందుకే? ఇప్పటికే నోరు మూతపడదు, దానికి మళ్లీ బలమా!” అని నెత్తిన మొట్టేది.

ఓ చలికాలం పొద్దున అమ్మ మా తమ్ముణ్ని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. వాడికింకా ఏడాది నిండలేదు. దగ్గి దగ్గి నీరసించిపోయాడు.

“ఏం కాదులే వదినా, దగ్గుతున్నాడని చుక్కలు రెండింతలు వేశాను,” అంది అమ్మ. బయట మిల్లు సైరన్ మోగుతోంది. అమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు.

అత్త వాడి వీపుకు చెవి పెట్టింది. మళ్లీ పెట్టింది. వాణ్ని వెల్లకిలా తిప్పి చొక్కా తీసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

“ఓసి పిచ్చిదానా! అవి బలానికే, దగ్గుకు కాదు. సీసా మొత్తం పోసినా తగ్గదు. పద ఆసుపత్రికి!”

“పనికి ఆలస్యమైపోతుంది వదినా...”

“ఆలస్యమైతే అవనీ! వీడికేమన్నా అయితే ఆ పని ఎవరికోసమే?”

మిగతా పిల్లల్ని గది ఊడ్చే ఆవిడకు అప్పగించి, వాణ్ని భుజాన వేసుకుని అత్త బయల్దేరింది. అమ్మ ఏడుస్తూ వెనకాల, నేను అమ్మ కొంగు పట్టుకుని.

న్యుమోనియా అన్నారు డాక్టరు. సమయానికి తెచ్చారన్నారు. వాడు మళ్లీ పాలు తాగిన రోజున అమ్మ అత్త భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

“చాల్లే, జాకెట్టంతా తడిపేశావు,” అంది అత్త, తనూ కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడా మిల్లూ లేదు, ఆ గదీ లేదు. అత్తకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోదు. మొన్న ఆవిడను చూడ్డానికి వచ్చిన తమ్ముడు మాటల మధ్య దగ్గాడు.

“దగ్గేంట్రా? ఇలా తిరుగు.”

గుమ్మానికి తల తగిలేంత మనిషి, అత్త మంచం ముందు నేలమీద కూర్చుని చొక్కా ఎత్తాడు. అత్త కుడిచెవిని అరచేత్తో రుద్దుకుని వాడి వీపుకు ఆనించింది. ఆ చెవికేమీ వినపడదని వాడికీ తెలుసు. అందుకే వీపంతా కదిలేలా గట్టిగా ఊపిరి పీల్చాడు.

“బాగానే ఉంది. చొక్కా దించుకో, చలి,” అంది అత్త.