కర్పూరం కొట్టువాళ్ళ లోపలి దారి

చూలైలో కేదార్‌ని ఏం పని చేస్తావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు దొరికేది. పాలవాడికి కంప్యూటర్ పని అని చెప్పేవాడు. భార్య వైదేహి పనిచేసే బడిలో టీచర్లకు నెట్‌వర్క్ ఇంజనీరునని చెప్పేవాడు. తనకు తాను చెప్పుకునే జవాబు మాత్రం వేరే ఉండేది. కంటికి కనపడని దారులకు కాపలా.

మధ్యాహ్నం వాలుకుర్చీలో కళ్ళు మూసుకుంటే ఆ దారులు అతనికి కనపడేవి. ఎండ పడని సన్నటి సందులు, రెండువైపులా మూసిన తలుపులు. మనుషులు ఉండరు. అయినా ఎవరో నడిచిపోతున్నట్టు మెత్తటి సవ్వడి. బయట బస్సు హారన్ మోగితే ఆ సందులు ఒక్కసారి వణికి, మళ్ళీ కుదుటపడేవి. అలాంటప్పుడు వైదేహి పలకరిస్తే వెంటనే జవాబు వచ్చేది కాదు. చాలా దూరం నుంచి నడిచి రావాల్సిన మనిషిలా కాసేపటికి కళ్ళు తెరిచేవాడు.

అతను చూసుకునే దారుల్లో పాతవి కర్పూరం కొట్టువాళ్ళవి. ఏకాంబరం, శేషాచలం అన్నదమ్ములు. కర్పూరం, అగరుబత్తులు హోల్‌సేల్‌గా అమ్మే ఇంటివాళ్ళు. చూలైలో కింద కొట్టు, పైన అన్న కాపురం. తొండియార్‌పేటలో కింద గోడౌను, పైన తమ్ముడి కాపురం. పురసవాక్కంలో చిల్లర అమ్మే షోరూము. ఒకే ఊళ్ళోని ఈ మూడు పేటల వ్యాపారమంతా ముంబయిలో ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల మీద నడిచేది. క్లౌడ్ అంటారు దాన్ని. ఊరందరూ తిరిగే ఇంటర్నెట్ గుండా వెళ్ళకుండా, మూడు చోట్ల నుంచీ అక్కడికి తాళం వేసిన సొంత దారులు పరిచింది కేదార్. ఏ దారి ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో ఆ క్లౌడ్ కంపెనీ స్క్రీన్ మీద అతనే నిర్ణయించి పెట్టేవాడు. పని చేస్తున్నంతసేపూ కింది కొట్టు నుంచి కర్పూరం వాసన మేడ మీదికి వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చొక్కాలో ఆ చల్లదనం ఉండేది.

ఆ దారుల మీద ఇంకొకటి కూడా నడిచేది. పాతకాలంలో కొట్టు మీది ఇంటికీ గోడౌను మీది ఇంటికీ మధ్య ఒక ఇంటర్‌కమ్ ఉండేది. దానికి నంబరు లేదు, గంట లేదు. రిసీవరు ఎత్తి చెవిన పెట్టుకుంటే, అవతల కూడా ఎవరైనా ఎత్తి ఉంటే మాట కలిసేది. దాని తీగలు పాడైపోయినప్పుడు ఏకాంబరం కొత్తరకం ఫోన్లు వద్దని పట్టుబట్టాడు. అచ్చంగా పాతదానిలాగే పనిచెయ్యాలన్నాడు. కేదార్ ఆ ముచ్చట తీర్చాడు. క్లౌడ్‌లో ఒక చిన్న గదిలాంటిది కట్టాడు. చూలైలో గానీ తొండియార్‌పేటలో గానీ రిసీవరు ఎత్తినవాళ్ళు ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టే.

తర్వాత అన్నదమ్ములకు చెడింది. పురసవాక్కం షోరూము ఎవరిదన్న దగ్గర మొదలై, ఎవరింటి పెళ్ళికి ఎవరు రాలేదన్న దాకా పోయింది. రాకపోకలు ఆగాయి. చివరికి వ్యాపారం పంచుకున్నారు. ఏకాంబరం కేదార్‌ని పిలిపించి, క్లౌడ్‌లో తమ్ముడి భాగం వేరే ఖాతాగా విడగొట్టమన్నాడు.

"నా ధరలు వాడికి కనపడకూడదు. ఒక్క సందు కూడా మిగలకూడదప్పా."

మర్నాడు శేషాచలం ఫోన్ చేసి అదే చెప్పాడు, చివరి అప్పాతో సహా. ఎప్పుడు చెయ్యాలంటే, అమావాస్య వెళ్ళాక వచ్చే ఆదివారం అని ఇద్దరూ విడివిడిగా ఒకే రోజు చెప్పారు. వ్యాపారం చీలినా పంచాంగం చీలలేదని కేదార్ ఇంటికొచ్చి వైదేహితో చెప్పి నవ్వాడు.

ఏ దారినైనా మూసేముందు దాని మీద ఎవరు నడుస్తున్నారో కొన్నాళ్ళు కనిపెట్టి చూడటం అతని అలవాటు. ఖాళీ అనుకున్న దారిలో ఎవరైనా ఉంటే వాళ్ళు మధ్యలో చిక్కుకుపోతారనేవాడు. అతను చనిపోయి ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి. వైదేహి ఇప్పటికీ గది తలుపు వేసేముందు లోపలికి ఒకసారి తొంగిచూస్తుంది. ఆ అలవాటు అతని నుంచి వచ్చిందని ఆమెకు ఈమధ్యే తెలిసింది.

ఆ కనిపెట్టుకుని ఉండటంలోనే, స్క్రీన్ మీద రెండిళ్ళకూ మధ్య ఒక సన్నటి గీత కేదార్ కంటబడింది. రోజూ భోజనాలయ్యాక మొదలై కాఫీ వేళ దాకా సాగేది. ఇంటర్‌కమ్ గీత అది. మాటలు ఏమిటో స్క్రీన్ మీద తెలియదు. మాట్లాడుతుంటే గీత లావెక్కుతుంది, మౌనంగా ఉంటే సన్నబడుతుంది. అంతవరకే తెలుస్తుంది. ఈ గీత దాదాపు ఎప్పుడూ సన్నగానే ఉండేది. మొదట అతను ఎవరో రిసీవరు సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాడు. కానీ ఆదివారం తప్ప రోజూ అదే వేళకు రావడం చూసి, ఒక మధ్యాహ్నం చూలై ఇంటి మెట్లెక్కాడు.

హాల్లో గోడ పక్కన చాప మీద ఏకాంబరం భార్య లలితాంబ కూర్చుని ఉంది. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని ఒళ్ళో దూదితో వత్తులు చేస్తోంది. ఏమీ మాట్లాడటం లేదు. అతన్ని చూసి కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసింది. ఆ నిశ్శబ్దంలో రిసీవరులోంచి చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు లీలగా వినిపించింది. తొండియార్‌పేట చేట చప్పుడు చూలై హాల్లోకి అలా వచ్చి పడుతుంటే, కేదార్‌కి తను ఎక్కడ కూర్చున్నాడో కాసేపు తెలియలేదు. చాలాసేపటికి ఆమె "సరి, వేన్నీళ్ళు తాగు" అని రిసీవరు పెట్టేసింది.

అవతల ఉన్నది శేషాచలం భార్య, తన తోడికోడలు అలివేలేనని లలితాంబ దాచకుండా చెప్పింది. ఏం మాట్లాడుకుంటారని కేదార్ అడిగాడు.

"ఏముండాది మాట్లాడేదానికి? అది బియ్యం చెరుగుతా ఉంటాది. నేను వత్తులు చేసుకుంటా ఉంటా. పక్కన మనిషి ఉన్నట్టు ఉంటాది, అంతే."

"సెల్‌ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు గదా వదినా."

"ఎవురు చేస్తారు మొదట? నేను చేస్తే పెద్దింటోళ్ళు దిగొచ్చినారంటారు. అది చేస్తే చిన్నింటోళ్ళు లొంగినారంటారు. దీంట్లో ఆ గొడవే లేదు కేదారూ. నేను ఎత్తుతా, అది ఎత్తుతాది. ఎవురూ ఎవుర్నీ పిలవలా."

ఆదివారంతో ఈ దారి పోతుందని ఆ మాట విన్నాక చెప్పడం అతనికి కష్టమైంది. చెప్పాడు. లలితాంబ చేతిలో వత్తి ఆగలేదు గానీ, చేసిన వత్తినే మళ్ళీ విప్పి మళ్ళీ చెయ్యడం మొదలుపెట్టింది. ఉంచుకునే ఉపాయమే లేదా అని అడిగింది.

ఒకటి ఉంది. రెండు ఖాతాలూ వేరైపోయాక కూడా, వాటి మధ్య మాటల వరకే పనికొచ్చే చిన్న దారి వెయ్యొచ్చు. ధరలూ సరుకూ దాంట్లోంచి పోవు. అయితే క్లౌడ్‌లో దానికో మర్యాద ఉంది. ఒక ఇంటివాళ్ళు మమ్మల్ని మీతో కలుపుకోండని అడగాలి. రెండో ఇంటివాళ్ళు సరే అనాలి. అడిగి ఊరుకుంటే ఆ పిలుపు అలా కాచుకుని ఉండి, వారం తిరిగేసరికి తనంత తానే చెల్లకుండా పోతుంది. అదంతా విని లలితాంబ, అంటే బొట్టు పెట్టి పిలిచినట్టా అంది. అచ్చం అలాగేనన్నాడు కేదార్.

ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరూ ఏది తప్పించుకుంటూ వచ్చారో, సరిగ్గా అదే ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేక కేదార్ గొంతు తగ్గించాడు. రెండు ఖాతాల తాళాలూ తన దగ్గరే ఉన్నాయి, అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి తనే నొక్కేస్తే ఎవరికీ తెలియదన్నాడు.

లలితాంబ తల అడ్డంగా ఊపింది. "అప్పుడు మేం కలిసినట్టు ఎట్టవుతాది? నువ్వు నీ చెయ్యే పట్టుకుని ఊపుకున్నట్టు." ఒళ్ళో దూది పక్కకు నెట్టి, "ఆ అడిగేది ఎవురు అడగాల? ఆయనేనా?" అంది.

కొట్టు ఓనర్ అడగాలన్నాడు కేదార్. అన్నాక అతనికే గుర్తొచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, వ్యాపారస్తుల ఇళ్ళలో జరిగేదే జరిగింది. చూలై కొట్టు లలితాంబ పేరు మీద, గోడౌనే కొట్టుగా మారిన తొండియార్‌పేటది అలివేలు పేరు మీద పెట్టారు. పేరు పెట్టినవాళ్ళూ, పేరున్నవాళ్ళూ ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

లలితాంబ నవ్వింది. "యాడ సంతకం పెట్టమంటే ఆడ పెట్టినా ఇన్నేళ్ళూ. ఈ ఒక్కటి నాకోసరం పెడతా."

కేదార్ ఏకాంబరం వెనక చేసే మనిషి కాదు. కిందికి దిగి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ధరలు పోతాయా అని ఏకాంబరం అడిగాడు. మాటలు తప్ప ఏమీ పోవన్నాడు కేదార్. కర్పూరం డబ్బాల మీద చీటీలు అంటిస్తున్న ఏకాంబరం తల ఎత్తకుండా, రోజూ మాట్లాడుకుంటారా అని ఇంకో మాట అడిగాడు. రోజూనని తెలిశాక అడ్డు చెప్పలేదు. చీటీ ఒకటి వంకరగా అంటించి, దాన్ని పీకి మళ్ళీ అంటించాడు. మళ్ళీ మేడెక్కి కేదార్ లాప్‌టాప్ ముందు పెడితే, లలితాంబ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఉంగరపు వేలితో నొక్కింది.

పిలుపు వెళ్ళింది. అటువైపు 'వేచి ఉంది' అని కనపడేది, రోజూ అంతే. మధ్యాహ్నాల్లో సన్నటి గీత మాత్రం వస్తూనే ఉంది. పిలిచానని లలితాంబ ఆ గీతలో చెప్పలేదు. చెప్తే అడుక్కున్నట్టవుతుందని ఆమె లెక్క. శేషాచలానికి కేదార్ ఫోన్ చేసి అన్నతో చెప్పిందే చెప్పాడు. అతను, నీ చిన్న వదిననే అడుగు, కొట్టు ఆమెదే కదా అని విసుగ్గా పెట్టేశాడు. ఆదివారం దగ్గరపడుతుంటే కేదార్ తొండియార్‌పేట వెళ్ళాడు. కంటైనర్ లారీల వెనక, సన్నటి వానలో, నీళ్ళ అడుగున ఉన్నట్టున్న ఆ వీధుల్లో నడుస్తుంటే, తను కళ్ళు మూసుకుని చూసే సందులు ఇవేనేమోనని అతనికి అనిపించింది.

అలివేలు నోరు పదును. "ఏం సారూ, పెద్దింటి ఇంజనీరు చిన్నింటి మెట్లెక్కినాడే! దానికేనా ఈ వాన?" అంటూనే తువ్వాలు ఇచ్చింది. స్క్రీన్ చూపించాడు. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని, ఎదురుగా కూర్చుంది.

"ఎవురు నొక్కినారు?"

"వదినే. నా కళ్ళెదుట."

"నువ్వు చెయ్యి పట్టి నొక్కించలేదు గదా?"

లేదన్నాడు. ఆమె కళ్ళజోడు కొంగుతో తుడిచి, స్క్రీన్ మీది మాటలు మళ్ళీ మొదటి నుంచి చదివింది. కింద గోడౌనులో ఎవరో పెట్టెలు ఈడుస్తున్నారు.

"దీన్ని వద్దనాలంటే యాడ నొక్కాల?" అంది చివరికి.

కేదార్ ఏదో చెప్పబోయాడు. కానీ కొట్టు ఆమెది, మాట ఆమెది. వేలితో చూపించాడు. ఆమె నొక్కింది. 'తిరస్కరించారు' అని ఎర్రగా వచ్చింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అయినా అతనికి చెవులు గింగురుమన్నట్టయింది. లాప్‌టాప్ మూయబోతే అలివేలు దాని మీద చెయ్యి వేసింది.

"ఉండబ్బా. ఆమె నాకంటే పెద్దది. పెళ్ళై వచ్చినప్పుడు ఈ ఇంట్లో నాకు తల దువ్వింది ఆమె. ఆమె నన్ను పిలిచి నేను సరే అంటే, రేపు నేను ఏ మొగం పెట్టుకుని తిరిగేది?" కళ్ళజోడు సర్దుకుంది. "నా పక్క నుంచి పంపేదానికి యాడ నొక్కాల, అది చూపించు."

ఆ సాయంత్రమే చూలై వెళ్ళి కేదార్ రెండూ వరసగా చూపించాడు. ఎర్రటి మాట దగ్గర లలితాంబ చూపు ఆగిపోయింది. కింద ఉన్న రెండోది, అలివేలు తన పక్క నుంచి పంపిన పిలుపు, కేదార్ చదివి వినిపించాడు. లలితాంబ, "దానికి అన్నం పెట్టినా ఇంతే. నా విస్తట్లో పడందే ముద్ద ఎత్తేది కాదు" అని, కళ్ళు తుడుచుకోకుండానే సరే నొక్కింది.

ఆదివారం షట్టర్లు దించాక కేదార్ పాత దారులన్నీ ఒక్కొక్కటిగా తీసేశాడు. ఏకాంబరం ధరలు ఏకాంబరానికి, శేషాచలం సరుకు శేషాచలానికి. మధ్యలో మాట మాత్రం పట్టేంత వెడల్పున ఒక్క దారి మిగిలింది. ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి అలాగే చెప్పాడు. ఇద్దరూ వేరే ఏమీ అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం గీత వస్తుందో రాదోనని అతను స్క్రీన్ ముందే కూర్చున్నాడు. ఎప్పటి వేళకే వచ్చింది. కానీ ఆ రోజు అది మొదటి నుంచే లావుగా ఉంది. వంటింట్లోంచి వైదేహి అన్నం చల్లారిపోతోందని పిలిచింది. వస్తున్నానన్నాడు. రెండోసారి పిలిచినా వస్తున్నాననే అన్నాడు. ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడి చూస్తే, అతను ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. స్క్రీన్ మీద ఆ గీత ఇంకా సన్నబడలేదు.