డైట్ షీటులో లేని దిబ్బరొట్టె

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వరి కోతలు మొదలైన వారంలో, నేను కొవ్వూరు ప్రాంతంలోని ఒక ఆసుపత్రికి డైటీషియనుగా బదిలీ అయ్యాను. మధుమేహ రోగులు ఏమి తింటున్నారో రోజూ డైట్ షీటులో రాయడం నా విధి. ఉదయం టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం అని అందులో మూడు గడులు. ఆ షీటును తయారుచేసింది నేనే.

రైతు వీర్రాజు గారు కాలి బొటనవేలి పుండుతో వార్డులో చేరారు. షుగరు దిగితే గాని పుండు మానదు. సోమవారానికి మార్పు కనిపించకపోతే వేలు తీసేయవలసి వస్తుందని సర్జన్ గారు చెప్పారు. పొలం గట్ల మీద నడిచి బతికే మనిషికి అది చిన్న మాట కాదు.

"రాత్రిపూట అన్నం మానేశానండి. మెతుకు ముడితే ఒట్టు" అన్నారాయన. ఐదు రోజులు వరసగా రాత్రి గడిలో 'లేదు' అని రాశాను. పరగడుపు పరీక్షలో షుగరు మాత్రం దిగలేదు. ఖాళీ కడుపున ఇన్సులిన్ ఎక్కువైతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే నా షీటు చూసిన డాక్టరు గారు రాత్రి మోతాదు పెంచడానికి వెనుకాడారు. నేను ల్యాబును తప్పుపట్టి ఘాటైన లేఖ రాశాను. దాని నకలు ఇప్పటికీ నా దగ్గరుంది.

శుక్రవారం డ్యూటీ ముగిశాక కూడా పట్టుదలగా వార్డులోనే కూర్చున్నాను. ఆరింటికి ఆయన భార్య మంగాయమ్మ గారు క్యారియరుతో వచ్చారు. మూత తీస్తే మందపాటి దిబ్బరొట్టె, పక్క గిన్నెలో చెరకు పానకం.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఫలహారమండి. అన్నం మానేశారు కదా, ఒట్టి కడుపుతో ఎలా పడుకుంటారు పాపం!"

"రోజూ ఇంతేనా?"

"రోజూ రొట్టెనా ఏంటండీ! నిన్న ఉప్మా. మొన్న ఇడ్లీలు, ఎనిమిది."

"ఆరే" అన్నారు వీర్రాజు గారు, గోడవైపు చూస్తూ.

ఆయన అబద్ధమాడలేదు. శనివారం ఒంటిపూట భోజనంతో ఉండే ఆ ప్రాంతం వారికి రాత్రి ఫలహారం భోజనం కింద లెక్క కాదు. రొట్టెలో మినప్పిండితో కలిసింది బియ్యపు రవ్వే. అన్నమైనా, రవ్వయినా, అటుకులైనా పిండిపదార్థమే. చివరకు రక్తంలో చేరేది చక్కెరగానే. పానకం సంగతి చెప్పనక్కరలేదు.

అప్పటికప్పుడే డాక్టరు గారికి తెలియజేశాను. ఆయన మందు సవరించారు. నేను రాత్రికి చిన్న కప్పు అన్నం, గట్టి పప్పు, బీరకాయ కూర, ఒక గుడ్డు రాసిచ్చాను.

"అన్నం పెడతారా? మరి ఇన్నాళ్లూ నన్నెందుకు ఎండబెట్టారండీ?" అని వీర్రాజు గారు కోప్పడ్డారు.

"ఎండిపోయారు మరి! మొన్న ఇడ్లీలు చాల్లేదని సణిగిందెవరో!" అన్నారు మంగాయమ్మ గారు.

విషయం విని సర్జన్ గారు మరో వారం గడువిచ్చారు. షుగరు దిగింది, వేలు నిలిచింది. పుండుకు ఊడిన గోరు మాత్రం మళ్లీ రాలేదు.

ఐదు 'లేదు'లనూ చదవడానికి వీలుగా ఒకే గీతతో కొట్టేసి, పక్కన సంతకం చేశాను. ల్యాబుకు క్షమాపణ లేఖ పంపాను. కొత్త షీటులో 'రాత్రి అన్నం' తీసేసి, 'సాయంత్రం నుంచి నిద్రపోయేదాకా నోట్లో పెట్టినవన్నీ' అని రాయించాను. గడి పెద్దదైంది. రోగి మాటనో ల్యాబు లెక్కనో శంకించే ముందు, నేనడిగిన ప్రశ్నను పరీక్షించుకోవాలని ఆ వారం నేర్చుకున్నాను.